మంచు పండే ఊళ్లు

మ్యూనిక్‌లో నవంబరు వచ్చిందంటే మా ఆఫీసు క్యాంటీన్‌లో మాటల దారి మారిపోతుంది. అప్పటిదాకా ఇళ్ల అద్దెల గురించీ, ఆలస్యంగా వచ్చే రైళ్ల గురించీ మాట్లాడుకున్నవాళ్లు స్కీ పాస్ ధరల మీద పడతారు. ఫలానా చోట ఈ ఏడాది ఎంత పెంచారు, ముందే కొంటే ఎంత తగ్గుతుంది, ఫిబ్రవరి సెలవుల్లో గది దొరుకుతుందా లేదా. ఈ మాటలన్నీ చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికి చేరతాయి: ఆల్ప్స్‌లో స్కీకి ఏ దేశం చవక? బవేరియాలోనే పుట్టి పెరిగినాయన ఆస్ట్రియా అంటాడు. తెల్లారకముందే కారు తీసి, కొండ మీద పగలంతా గడిపి, రాత్రికి ఇంటికొచ్చి పడుకునేవాడికి గది ఖర్చే లేదు మరి. డచ్చావిడ ఫ్రాన్స్ అంటుంది. కారు డిక్కీలో వారానికి సరిపడా సరుకులు వేసుకుపోయి, చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుని వండుకు తినే కుటుంబం ఆమెది. మిలాన్ కుర్రాడు ఇటలీ తప్ప ఇంకోటి ఒప్పుకోడు. కొండ మీద కడుపునిండా తినడానికి తమ దగ్గర ఎంతవుతుందో చెప్పి మిగతావాళ్ల నోళ్లు మూయిస్తాడు. స్లొవేనియాలోని లూబ్లియానా నుంచి వచ్చిన అమ్మాయి, మా దేశం పేరు ఎవరికీ గుర్తు రాదేం అని మెల్లగా అంటుంది. అందరి దగ్గరా అంకెలున్నాయి. ఎవరి కూడికలోనూ తప్పు లేదు. జవాబులు మాత్రం ఎవరివి వాళ్లవే. ఇదే నన్ను పట్టుకుని వదలలేదు. అవే కొండలు, అదే మంచు. స్విట్జర్లాండ్, లిక్టెన్‌స్టైన్ తప్పిస్తే అన్నిచోట్లా అదే యూరో. మరి చవక అనేది మనిషి మనిషికీ ఎందుకిలా మారిపోతోంది? ధర అంటే అంకె కదా, అంకెకు ఇన్ని ముఖాలుంటాయా?

మా పిల్లలు స్కీ నేర్చుకున్నాక నేనూ ఆ లెక్కలోకి దిగాను. ఒక పట్టిక గీశాను. నిలువునా ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, ఆస్ట్రియా, స్లొవేనియా. అడ్డంగా పాస్, గది, తిండి, అద్దె సామాను, పిల్లల క్లాసులు, దారి ఖర్చు, ఇన్సూరెన్స్. పాసే పెద్ద తేడా చూపిస్తుందని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే ఆస్ట్రియాలో, ఫ్రాన్స్‌లో, ఇటలీ డోలోమైట్స్‌లో పేరున్న పెద్ద స్కీ ఏరియాల్లో పెద్దవాళ్ల ఒక రోజు పాస్ సీజన్‌లో 80 యూరోల చుట్టూనే తిరుగుతోంది. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ లాంటి చోట రద్దీని బట్టి 90 ఫ్రాంకుల పైకి కూడా పోతుంది. స్లొవేనియాలో క్రాన్‌స్కా గోరా 50 యూరోలకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఆ చిన్న దేశాన్ని పక్కన పెడితే కొండెక్కించే యంత్రం ఖరీదు సరిహద్దు దాటినా పెద్దగా మారడం లేదు. మారడానికి కారణం కూడా లేదు. ఆస్ట్రియా డొప్పెల్‌మాయర్, ఇటలీ లైట్నర్, ఫ్రాన్స్ పోమా, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టగల కంపెనీలే ఆల్ప్స్ అంతటా గండోలాలూ ఛైర్ లిఫ్టులూ బిగించాయి. ఉక్కు తాడు ఎక్కడైనా ఉక్కు తాడే. మరి తేడా అంతా ఎక్కడుంది?

సామాను అద్దెకిచ్చే దుకాణంలో ఉంది. తడిసిన రబ్బరు నేల, ఆరబెట్టిన బూట్ల లైనింగ్ నుంచి వచ్చే వెచ్చటి వాసన, వరుసగా నిలబెట్టిన హెల్మెట్లు. ఒక కుర్రాడు మా చిన్నదాని ముందు మోకాళ్ల మీద కూర్చుని బూటు బకిల్ ఒక్కొక్క పన్నే బిగిస్తూ వేళ్లు కదులుతున్నాయా అని అడుగుతాడు. బరువెంత, ఎత్తెంత, వయసెంత, ఎన్నాళ్ల నుంచి జారుతోంది అని అడిగి, బూటు అట్ట పొడవు మిల్లీమీటర్లలో చూసి, చార్టు మీద వేలు పెట్టి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ స్క్రూను స్క్రూడ్రైవర్‌తో తిప్పుతాడు. మరీ బిగిస్తే పిల్ల పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలి తిరుగుతుంది. వదులుగా వదిలేస్తే జారుతుండగానే ఊడిపోతుంది. పిల్ల మోకాలు ఆ స్క్రూ మీద ఆధారపడి ఉంది. ఆ కుర్రాడి అర నిమిషానికి నా పట్టికలో విడిగా గడి లేదు, అద్దె సామానులో కలిసిపోయింది. నా అనుమానం అక్కడ మొదలైంది. నేను రాసుకుంటున్నవి వస్తువుల ధరలా, మనుషుల ధరలా?

దారి పొడుగునా ధరలు రాసుకోవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, ఏ మజిలీలో అంగళ్లున్నాయి, ఏ నాణెం చెల్లుతుంది, ఏ సరుకు దొరుకుతుంది, ఏది దొరకదు అని ఓపిగ్గా రాసుకుంటూ పోయాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర మొదటిసారి చదివినప్పుడు ఆ వివరాలు దాటేసి గుళ్ల దగ్గరికీ నదుల దగ్గరికీ పోయేదాన్ని. ఇప్పుడు మళ్లీ చదివితే ఆ వివరాల దగ్గరే ఆగిపోతున్నాను. ఒక ఊళ్లో ఏది దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది అన్నదానికన్నా ఆ ఊరి మనుషుల గురించి చెప్పేది ఇంకేముంటుంది? లెక్క రాసుకునేవాడు లోకాన్ని చూడలేడని ఎందుకనుకుంటాం?

ఫ్రాన్స్ గడి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మనవాళ్ల కుటుంబాలకు చాలాసార్లు అదే చవక తేలుతుంది. అక్కడి పెద్ద స్టేషన్లలో శనివారం నుంచి శనివారం దాకా అద్దెకిచ్చే చిన్న స్టూడియోలుంటాయి. తలుపు తీయగానే నడవలోనే ఒకదాని మీద ఒకటి రెండు బంకు మంచాలు, దాటితే ఒకే గది, గోడకు ఒదిగిన వంటగట్టు, కిటికీలో కొండ. లేజార్క్‌లో ఇలాంటి ఇళ్ల రూపకల్పనలో షార్లోట్ పెరియాన్ అనే ఆర్కిటెక్ట్ పాలుపంచుకుంది. వంటగదినీ స్నానాలగదినీ ఫ్యాక్టరీలోనే తయారు చేయించి తెచ్చి బిగించిన పద్ధతి అక్కడిది. బియ్యం, కందిపప్పు, ఆవకాయ, చిన్న కుక్కర్ వెంట ఉంటే ఆ వంటగట్టు మీద వారం గడిచిపోతుంది. కుక్కర్ మాత్రం తప్పనిసరి. వాల్ తోరాన్స్ 2,300 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు పలుకు విడవడానికి చాలాసేపు పడుతుంది. వండుకునే ఓపిక ఉన్నవాళ్లకు ఫ్రాన్స్ చవక. అదే కుటుంబం ఆస్ట్రియాలో రెండు పూటలా తిండి పెట్టే పెన్షన్‌లో, అంటే ఇంటివాళ్లే నడిపే చిన్న వసతిలో, దిగితే బిల్లు ఎక్కువే, కానీ ఇల్లాలికి ఆ వారం పొయ్యి ముట్టుకునే పని లేదు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఇది చవక, అది ఖరీదు అనడం న్యాయమేనా? వండినామె శ్రమను సున్నా కింద రాసుకుంటేనే కదా మొదటిది చవకయింది?

స్విట్జర్లాండ్ గడి దగ్గర అందరూ ఒకేలా తల ఊపుతారు. ఖరీదు, అంతే. ఎందుకని అడిగితే పన్నులంటారు కొందరు. కానీ అక్కడ వ్యాట్ 8.1 శాతమే. ఆస్ట్రియాలో మామూలు రేటు 20, ఇటలీలో 22. పన్ను తక్కువున్న చోటే ధర ఎక్కువ. ఇంకొందరు ఫ్రాంక్ విలువ అంటారు, అందులో నిజముంది. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు ఒక యూరోకు 1.20 ఫ్రాంకుల హద్దును ఒక్క ప్రకటనతో ఎత్తేసింది. ఆ ఉదయం కాఫీ తాగుతూ కూర్చున్న జర్మన్ కుటుంబానికి వాళ్లు బుక్ చేసుకున్న సెలవు కప్పు ఖాళీ అయ్యేలోగా ఖరీదెక్కింది, కొండ మీద ఏమీ మారకుండానే. ఊళ్లు తల్లడిల్లాయి. ఆ మరుసటి ఏడే సాస్‌ఫే అనే ఊరు సీజన్ పాస్‌ను 222 ఫ్రాంకులకు అమ్మడానికి సిద్ధపడింది. అయితే ఫ్రాంక్ ఒక్కటే కథంతా చెప్పదు. అక్కడ హోటళ్లలో పనిచేసేవాళ్లకు కార్మిక సంఘాలతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏ చదువూ శిక్షణా లేని మనిషికి కూడా నెలకు 3,600 ఫ్రాంకులకు పైనే ఇవ్వాలి. ఫ్రాన్స్‌లో చట్టం చెప్పే కనీస వేతనం కోతలకు ముందు 1,800 యూరోల దగ్గర ఉంది. ఇటలీలో చట్టబద్ధమైన కనీస వేతనమే లేదు. కాఫీ ఐదు ఫ్రాంకులా అని గుండె మీద చెయ్యి వేసుకునే ముందు, ఆ కప్పు కడిగిన మనిషి నెలాఖరున ఇంటికి ఏం పట్టుకెళ్తుందో కూడా చూడాలి కదా.

ఈ తేడా కంటికి కనిపించే చోటు ఒకటుంది. మాటర్‌హార్న్ పక్కన, తియోడుల్ హిమానీనదం మీద. ఇటు స్విట్జర్లాండ్ జెర్మాట్, అటు ఇటలీ చెర్వీనియా, నడుమ మంచు. రెండు ఊళ్ల పిస్టులూ, అంటే స్కీ మీద జారే దారులు, పైన కలుస్తాయి. ఒక అంతర్జాతీయ పాస్‌తో ఉదయం స్విస్ వైపు జారి, మధ్యాహ్నం ఇటలీ వైపు దిగి భోంచేసి, లిఫ్టులు ఆగేలోగా వెనక్కి రావచ్చు. చెర్వీనియాలో గది తీసుకుని జెర్మాట్ మంచు మీద జారేవాళ్లు ఎందరో. ఆ సరిహద్దు దగ్గర టెస్టా గ్రీజా మీద ఒక ఇటాలియన్ విశ్రాంతి గృహం ఉంది. 1984లో కట్టినప్పుడు అది పూర్తిగా ఇటలీ నేల మీదే ఉంది. అక్కడ సరిహద్దు అంటే గోడ కాదు, కంచె కాదు. హిమానీనదం కరిగిన నీళ్లు ఏ శిఖరరేఖ దగ్గర రెండుగా విడిపోతాయో ఆ రేఖే సరిహద్దు. మంచు కరిగి పలచబడేకొద్దీ రేఖ జరిగింది, ఇల్లు కదలకుండానే చాలా భాగం స్విట్జర్లాండ్‌లోకి వెళ్లిపోయింది. రెండు దేశాలూ ఏళ్ల తరబడి మాట్లాడుకుని ఒక రాజీకి వచ్చాయి, ఇల్లు ఇటలీలోనే ఉండేటట్టు. 2024 సెప్టెంబరులో స్విస్ ప్రభుత్వం దానికి ఆమోదం చెప్పింది. నాకు ఇది చదివినప్పటి నుంచీ ఒకటే ఆలోచన. రెండు దేశాల ధరల మధ్య గీత అంత గట్టిదని నమ్మి పట్టికలు వేసుకుంటున్నాం, ఆ గీతే మంచు మీద ఉంది, మంచు కరిగితే జరిగిపోతోంది.

స్విట్జర్లాండ్ గురించి ఇంకో సంగతి చెప్పకుండా పోలేను. ఈ మంచి జీతాల దేశంలోనే 2002 దాకా సీజనల్ కార్మికుల పర్మిట్ అని ఒకటుండేది. ఇటలీ నుంచీ, తర్వాత స్పెయిన్, పోర్చుగల్, యుగోస్లావియాల నుంచీ వచ్చినవాళ్లు ఏడాదికి తొమ్మిది నెలలు మించి ఉండకూడదు, భార్యాపిల్లల్ని తెచ్చుకోకూడదు. హోటళ్లు నడిపింది, డ్యాములు కట్టింది, రోడ్లు వేసింది చాలావరకు వాళ్లే. విడిచి ఉండలేక పిల్లల్ని దొంగచాటుగా తెచ్చుకున్నవాళ్లున్నారు. ఆ పిల్లలు పగలంతా గదిలో చప్పుడు చేయకుండా, తలుపు తట్టినప్పుడల్లా బీరువాలో దాక్కుంటూ పెరిగారు. బీరువా పిల్లలని ఆ దేశం వాళ్లను ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆ రోజుల్లో ఎవరైనా స్కీ సెలవు పట్టిక వేసుకుని ఉంటే ఆ పిల్లల ఖర్చు ఏ గడిలో పడి ఉండేది? చవకగా దొరికిన ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు తక్కువ తీసుకుని ఉంటారన్న మాట నాకు సిద్ధాంతంగా ఎప్పటి నుంచో తెలుసు. ఆ బీరువాల సంగతి చదివాకే అది ఒంటికి తగిలింది.

నాయిన ఒక చలికాలం మా దగ్గరికి వచ్చి ఉన్నాడు. మాది పాలమూరు. కొండ కింద నిలబడి, గండోలాలు మంచులోకి మాయమవుతుంటే చాలాసేపు చూసి, "ఇంత పైసలు పోసి వస్తుండ్రు గదా బిడ్డా, ఈ మంచు లేనప్పుడు ఈడి మనుషులు ఏం తిని బతికిండ్రు?" అని అడిగాడు. పాస్ ధర కాదు, గది ధర కాదు. ఆయనకు తోచిన మొదటి ప్రశ్న అది. జవాబు నాకు అప్పుడు తెలియదు, తర్వాత వెతుక్కుని చదివాను. మంచు అప్పుడూ ఉంది, తిండే లేదు. ఆస్ట్రియాలోని టిరోల్, ఫోరార్ల్‌బెర్గ్, స్విట్జర్లాండ్‌లోని గ్రౌబ్యుండెన్ లోయల పేద రైతుల పిల్లలు ప్రతి వసంతంలో ఇంకా కరగని మంచు కనుమలు దాటి, కాలినడకన జర్మనీలోని ష్వాబియాకు పోయేవాళ్లు. రావెన్స్‌బుర్గ్ లాంటి ఊళ్లలో పిల్లల సంత జరిగేది. ధనిక రైతులు వచ్చి ఏరుకుని, శరదృతువు దాకా పశువులు కాయడానికీ ఇంటి చాకిరీకీ పెట్టుకునేవాళ్లు. కూలి కింద తిండి, ఒక జత బట్టలు, బూట్లు, కాసిని డబ్బులు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా ఇది సాగింది. ష్వాబియా పిల్లలని పేరు వాళ్లకు. నాయినకు ఇదంతా చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. వాళ్ల నాయిన కూడా గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు పట్టుకుని ఎక్కడెక్కడి డ్యాముల పనులకో పోయినవాడే. వాన మీద ఆశ పెట్టుకున్న పాలమూరు, మంచు కింద బిగుసుకుపోయిన టిరోల్, రెండూ కన్నబిడ్డల్ని బయటికి పంపే బతికాయి.

అప్పుడే నా పట్టిక అర్థం మారింది. స్కీ అంటే పొలం పండని ఆరు నెలల్ని పంట కాలంగా మార్చుకున్న కథ. సాంక్ట్ మోరిట్జ్‌లో యోహాన్నెస్ బాద్రుట్ అనే హోటలాయన 1864లో వేసవికి వచ్చిన ఇంగ్లీషు అతిథులతో, చలికాలంలో రండి, నచ్చకపోతే దారి ఖర్చులు నేనే ఇస్తాను అన్నాడని చెప్పుకుంటారు. అంటే ఆల్ప్స్‌లో శీతకాలపు సెలవు మొదటి ధర, ఆ కథ ప్రకారం, అమ్మేవాడు కొనేవాడికి ఇచ్చిన హామీ. అక్కడి నుంచి ఒక్కో దేశం తన మనుషుల్ని కొండ మీద నిలబెట్టుకోవడానికి ఒక్కో దారి పట్టింది. ఫ్రాన్స్‌లో ప్రభుత్వమే పూనుకుంది. 1964 నుంచి మంచు ప్రణాళిక పేరుతో, చెట్టూ ఇల్లూ లేని ఎత్తుల్లో పట్టణాల్ని గీసి కట్టించింది, విదేశీ డబ్బు రావాలన్న లెక్కతో. 1977లో అధ్యక్షుడు జిస్కార్ దెస్తాంగ్ వల్లూయిజ్‌లో చేసిన ప్రసంగంతో ఆ ఊపు ఆగింది. బంకు మంచాల స్టూడియో చవక వెనక ఆ ప్రణాళిక ఉంది. ఆ ఎత్తుల్లో చాలాచోట్ల అంతకుముందు ఊరే లేదు. సీజన్ అయిపోయాక కూడా ఊరుండదు, చీకటి కిటికీలుంటాయి. స్విట్జర్లాండ్ ఈ చీకటి కిటికీలకు భయపడే 2012లో ఓటు వేసి, ఏ ఊళ్లోనూ సెలవుల ఇళ్లు 20 శాతం మించకూడదని రాజ్యాంగంలో రాసుకుంది.

ఆస్ట్రియా దారి వేరు. అక్కడ ఊరు ముందు, లిఫ్టు తర్వాత. టిరోల్‌లో మేం దిగే ఒక చిన్న పెన్షన్ ఉంది. ఇంటివాళ్లది పశువుల కొట్టం కూడా, ఇంటి వెనకే. ఇంకా చీకటి ఉండగానే కొట్టంలో లైటు వెలుగుతుంది, పాల డబ్బాల చప్పుడు వినిపిస్తుంది. ఆమె చేతులు కడుక్కుని, ఏప్రన్ మార్చుకుని, మేం కిందికి దిగేసరికి రొట్టె, వెన్న, ఇంట్లో చేసిన జామ్ బల్ల మీద పెట్టి ఉంటుంది. భర్త రాత్రంతా పిస్టు చదును చేసే యంత్రం నడిపి వచ్చి అప్పుడే పడుకుంటాడు. పెద్ద కొడుకు స్కీ స్కూల్లో పిల్లలకు నేర్పుతాడు. రాత్రి భోజనంలో మాంసం ముట్టనివాళ్లకని ఉల్లిపాయలు ఎర్రగా వేయించి చల్లిన చీజ్ ష్పెట్స్‌లే అనే వంటకం ఆమె విడిగా చేసి తెస్తుంది. గదికీ, పాస్‌కూ, క్లాసులకూ మేం కట్టే డబ్బు ఒకే ఇంట్లో మూడు చేతుల్లోకి వెళ్తుంది. పశువుల మీదే అయితే ఆ ఇల్లు ఎప్పుడో ఖాళీ అయ్యేదని ఆమె ఒకసారి మామూలుగా అంది, పాత్రలు తుడుస్తూ.

ఇలాంటి ఇళ్లను ఒక్క ధరతో కూల్చేయవచ్చని చరిత్రకు తెలుసు. 1933లో హిట్లర్ ప్రభుత్వం ఆస్ట్రియాను లొంగదీసుకోవడానికి అక్కడికి పోయే ప్రతి జర్మన్ వెయ్యి మార్కులు కట్టాలని చట్టం చేసింది. మంచు అలాగే ఉంది, గదులు అలాగే ఉన్నాయి, జర్మన్ అతిథులు మాత్రం దాదాపు రాలేదు. 1936లో ఎత్తేసేదాకా టిరోల్ లోయలు ఆ అంకె కింద నలిగాయి. సెలవు ధరను సరదా సంగతి అని తీసిపారేసేవాళ్లకు ఈ మూడేళ్లు గుర్తు చేయాలనిపిస్తుంది.

ఇటలీలో డోలోమైట్స్ లోయలు 1974లో ఇంకో పని చేశాయి. ఎవరికి వారు చిన్న టికెట్ అమ్ముకోవడంతో ఆగకుండా కలిసి ఒకే పాస్ కూడా పెట్టుకున్నారు. ఇవాళ 12 స్కీ ఏరియాలు, 1,200 కిలోమీటర్ల పిస్టులు ఆ ఒక్క కార్డు మీద తెరుచుకుంటాయి. పెద్ద ఊరి పక్కన చిన్న ఊరూ బతుకుతోంది. దక్షిణ టిరోల్‌లో పొలాన్ని ముక్కలు చేయకుండా ఒకే వారసుడికి అప్పగించే పాత ఆచారం చట్టంగా నిలిచి ఉండడం వల్ల కొండవాలు మీద ఇల్లూ పొలమూ ఇంకా ఒకే చేతిలో ఉన్నాయి. స్లొవేనియాలో పిస్టులు చిన్నవి, ధర తక్కువ. కానీ బెగూన్యే అనే ఊళ్లో 1945లో మొదలైన ఎలాన్ కార్ఖానా నుంచి వెళ్లిన స్కీల మీదే స్వీడన్ వీరుడు ఇంగెమార్ స్టెన్‌మార్క్ పోటీలు గెలిచాడు. జారేవాళ్ల దగ్గరే కాదు, జారుడు చెక్కలు చేసి కూడా బతకవచ్చని ఆ లోయ చూపించింది. మా లూబ్లియానా అమ్మాయికి చెప్పాలి, నీ దేశం పేరు నాకు గుర్తుందని.

మరి ఇదంతా ఇలాగే నిలుస్తుందా? ఇక్కడే నాకు గట్టి సందేహం. కొండ మీద ఇప్పుడు మంచు చాలాచోట్ల ఆకాశం నుంచి రావడం లేదు, ఫిరంగుల్లోంచి వస్తోంది. ఇటలీలో దాదాపు 90 శాతం పిస్టులకు కృత్రిమ మంచు ఏర్పాటుంది, ఆస్ట్రియాలో 70 దాకా, స్విట్జర్లాండ్‌లో సగం. చెరువు తవ్వాలి, పైపులు వేయాలి, కరెంటు కొనాలి, అప్పు తేవాలి. అదంతా పాస్ ధరలో కలుస్తుంది. 2023లో వచ్చిన ఒక పరిశోధన యూరప్‌లోని 2,234 స్కీ స్టేషన్లను లెక్కకు తీసుకుని, భూమి 2 డిగ్రీలు వేడెక్కితే, ఫిరంగులు లేకపోతే, వాటిలో 53 శాతానికి మంచు కొరత ముప్పు చాలా ఎక్కువని తేల్చింది. 4 డిగ్రీలైతే 98 శాతానికి. కింది ఊళ్లు ముందు మూతపడతాయి, జనం పైఊళ్లకు ఎగబడతారు, అక్కడ ధర ఇంకా పెరుగుతుంది. ఊరిని బతికించడానికి పెట్టిన ధరే ఊరివాళ్లను బయటికి తోసే రోజు వస్తే? పెన్షన్ ఆమె మనవలకు పాస్ కొనే స్తోమత లేకపోతే ఆ లిఫ్టు ఎవరి కోసం తిరుగుతున్నట్టు?

ఈ ప్రశ్న అక్కడివాళ్లకూ తట్టింది. ఫ్రాన్స్‌లో 1953లోనే వాన్వ్ అనే పారిస్ శివారు బడి పిల్లల్ని పంతుళ్లతో సహా సవోయ్ కొండలకు పంపి మంచు తరగతులు మొదలుపెట్టింది. మంచు డబ్బున్నవాళ్ల పిల్లలకే కాకుండా ఆ బడిపిల్లలకూ అందింది. స్విట్జర్లాండ్‌లో 2017 డిసెంబరులో అత్యున్నత న్యాయస్థానం, బడి తప్పనిసరి చేసిన శిబిరాలకు తల్లిదండ్రుల దగ్గర తిండి ఖర్చు మాత్రమే తీసుకోవాలని తీర్పిచ్చింది. రోజుకు 10 నుంచి 16 ఫ్రాంకులు, అంతకు మించి కాదు. స్కీ శిబిరాలు ఆగిపోతాయేమో అని బడులు కంగారుపడ్డాయి, నిజమే, మిగతా డబ్బు ఎక్కడి నుంచో రావాలి కదా. అయినా ఆ తీర్పు నాకు గొప్పగా అనిపిస్తుంది. ఆల్ప్స్‌లోకెల్లా ఖరీదైన మంచు ఉన్న దేశం, బడిపిల్ల దగ్గరికొచ్చేసరికి ఆ ధరను పక్కన పెట్టమంది. ఒక దేశం తన మంచుకు ఎంత వసూలు చేస్తుందో తెలుసుకోవడం తేలిక. ఎవరి దగ్గర వసూలు చేయకూడదనుకుంటుందో అదీ చూడాలి.

కాబట్టి ఈసారి క్యాంటీన్‌లో ఎవరైనా ఏ దేశం చవక అని అడిగితే నా దగ్గర ఒక జవాబుంది. బిల్లు మొత్తం చూస్తే స్లొవేనియా. వండుకు తినే ఓపికుంటే ఫ్రాన్స్. మధ్యాహ్నం తిండి దగ్గర ఇటలీ. కానీ నా డబ్బు ఎక్కడ పెట్టాలో నన్నడిగితే, ఊరు ముందు పుట్టి లిఫ్టు తర్వాత వచ్చిన లోయల్లో, ఇల్లుగలవాళ్లే నడిపే పెన్షన్లలో. అది టిరోల్ అయినా సరే, డోలోమైట్స్ అయినా సరే, స్లొవేనియాలో బోహిన్ అయినా సరే. ఇక్కడికొచ్చి స్థిరపడి, పిల్లల కోసం మొదటిసారి కొండెక్కాలనుకుంటున్న మన తెలుగు కుటుంబాలకు నేను చెప్పేది ఇదే. పెద్ద పేర్ల వెంట పోకండి. బడి సెలవుల వారం తప్పదంటే చిన్న ఊరు చూసుకోండి, పిల్లలింకా బడికి పోని వయసైతే జనవరిలో వెళ్లండి, గది సగం ధరకు కూడా దొరకవచ్చు. స్కీ మీద మొదటిసారి నిలబడే పిల్లకు 600 కిలోమీటర్ల పిస్టులు అక్కర్లేదు, ఒక చిన్న వాలు, ఓపికున్న మాస్టారు చాలు. ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లకండి. ఇటలీలో అవతలివాళ్లకు దెబ్బ తగిలితే పరిహారమిచ్చే ఇన్సూరెన్స్ 2022 నుంచి చట్టప్రకారం తప్పనిసరి. ఫ్రాన్స్‌లో పిస్టు మీద పడితే కిందికి దించినందుకు బిల్లు వస్తుంది. గది బుక్ చేసే ముందు ఒక్క మాట కనుక్కోండి: చలికాలం అయిపోయాక ఆ ఇంట్లో ఎవరైనా ఉంటారా? ఉంటారని తెలిస్తే నాలుగు యూరోలు ఎక్కువైనా అక్కడే దిగండి.